మరపునకు మందెక్కడ?

మధ్యాహ్న భోజనం ముగించి చేయి కడుక్కొన్న పెద్దాయన అరగంట గడవకముందే “నాకింకా అన్నం పెట్టలేదేమి?” అని అడిగితే ఇంట్లోని పిల్లలు నవ్వుతారు, పెద్దలు చాదస్తమంటారు. కొన్ని నెలల తరువాత ఆయనే వీధి చివరి కొట్టుకు వెళ్ళి, తిరిగివచ్చే దారి తెలియక నిలబడిపోతాడు. అప్పటికిగాని ఆ కుటుంబానికి వైద్యుడు గుర్తుకు రాడు. వయసు మీరితే మతి తప్పడం సహజమన్న నమ్మకమే ఈ ఆలస్యానికి మూలం. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం ఏ వయసులోనైనా జరిగేదే. నలభై ఏళ్ళుగా చేస్తున్న వంటను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గిన్నె ముందు నిలబడిపోవడం వేరు. అది వ్యాధి.

ఈ వ్యాధిని మొదట గుర్తించినవాడు అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని ఆయన పరీక్షించాడు. తన పేరు రాయమంటే ఆమె సగంలో ఆగిపోయేది. 1906లో ఆమె మరణించిన తరువాత మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాడీకణాల వెలుపల పేరుకొన్న మచ్చలను, లోపల చిక్కుపడిన పోగులను ఆయన వర్ణించాడు. 1910లో క్రెపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. ఈ చరిత్రలో అంతగా ప్రస్తావనకు రాని వ్యక్తి ఆగస్టె భర్త. రైల్వేలో చిరుద్యోగి అయిన ఆయన ఆసుపత్రి ఖర్చు భరించలేక, భార్యను తక్కువ ఖర్చయ్యే చోటికి మార్చమని కోరాడు. వ్యాధికి ఇంకా పేరైనా లేని రోజులలోనే దాని బరువు ఒక సంసారం మీద పడినది.

ఆ బరువు నేటికీ తగ్గలేదు. వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు ఇంతవరకు లేదు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన డొనెపెజిల్, దాని తరువాత వచ్చిన రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటివి కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి, అంతే. 2023లో లెకానిమాబ్, 2024లో డొనానిమాబ్ అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి తొలిదశలో ఉన్నవారిలో వ్యాధి వేగాన్ని కొంత తగ్గిస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదమున్నందున వీటిని వాడేవారికి తరచు స్కానింగులు తప్పవు. జ్ఞాపకశక్తిని తిరిగి తెప్పిస్తామని ప్రకటించే లేహ్యాల మాట ఎత్తకపోవడమే మేలు.

నయం కానప్పుడు వైద్యుని వద్దకు పోవడమెందుకని కొందరు అడుగుతారు. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు గనుక పోవలె. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, మనోవ్యాకులత, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో మెల్లగా చేరిన రక్తం కూడ మతిని మందగింపజేస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. రక్తపరీక్షతో తేలిపోయే లోపాన్ని విధివ్రాతగా భావించి ఊరుకొన్న ఇళ్ళు లేకపోలేదు.

పరీక్షలోనూ ఒక చిక్కు ఉన్నది. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలతో బడి ముఖం చూడని అవ్వ జ్ఞాపకాన్ని కొలవడం న్యాయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి అయిదు భారతీయ భాషలలో రూపొందించిన పరీక్షా సామగ్రిలో తెలుగు ఉండడం ఆ కారణంగా చిన్న విషయం కాదు. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన ఫలితం మరింత ఆసక్తికరమైనది. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడినవి. చదువురానివారిలో కూడ ఈ తేడా కనిపించినది. మార్కుల కోసమే రెండవ భాష చదివేవారు ఈ సంగతి తెలుసుకొనడం మంచిది.

మందుకన్న ఎక్కువ పనిచేసేది రోగి చుట్టూ ఉన్నవారి నడవడి. కొద్దిమంది రోగులను కూర్చోబెట్టి ఆటలు, పాటలు, కబుర్లతో మెదడుకు పనికల్పించే చికిత్స బ్రిటన్‌లో రూపుదిద్దుకొన్నది. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ వైద్యులు దానిని తమిళ వృద్ధులకు తగినట్లు మలచినారు. దీనిలోని మెలకువను తెలుగు ఇళ్ళూ గ్రహించవచ్చు. వ్యాధి మొదట కొత్త జ్ఞాపకాలను తినివేస్తుంది. పాతవి చాలాకాలం నిలుస్తాయి. పొద్దున తిన్నదేమిటో చెప్పలేని ముసలమ్మ పూలు కట్టగలదు, చిక్కుడుకాయలు ఈనెలు తీయగలదు, చిన్ననాడు నేర్చిన పద్యాన్ని తడబడకుండ చదవగలదు. ఆ పని ఆమె చేతికివ్వడమే చికిత్స. ఎప్పుడో గతించిన తల్లి కోసం ఆమె వెదుకుతుంటే “మీ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది” అని ప్రతిసారీ చెప్పడం నిజమే కావచ్చు, కాని ఆమె ప్రతిసారీ కొత్తగా ఏడ్వవలసి వస్తుంది. “మీ అమ్మ ఏం వండేది?” అని అడిగితే ఆ వెదుకులాట ముచ్చటలోకి మళ్ళుతుంది.

అయితే ఈ ఓపిక ఎవరిది? సాధారణంగా కోడలిది, కూతురిది, లేదా తానూ వృద్ధురాలైన భార్యది. రాత్రి రెండు గంటలకు లేచి బడికి వేళయిందని తలుపు తీయబోయే విశ్రాంత ఉపాధ్యాయుని ఆపవలసినది ఆమె. అమెరికా నుండి కొడుకు డబ్బు పంపగలడు; ఆ రాత్రి మెలకువను పంచుకొనలేడు. రోగికి మందుల చీటీ రాసే వైద్యుడు పక్కనే కూర్చున్న ఆమెను “నీకు నిద్ర పడుతున్నదా?” అని అడిగితే తప్ప ఆ చికిత్స పూర్తి కాదు.

సహాయం బొత్తిగా లేదనడం సరికాదు. 1992లో కేరళలో మొదలైన భారత అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉన్నది. వృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416 అనే ఉచిత ఫోను నంబర్లు ఉన్నవి. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది, చిత్తవైకల్యంతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసినది. అందులో ఒక మాట కలవరపెట్టేది: ఈ వ్యాధి పట్టణాలకన్న పల్లెలలో, పురుషులకన్న స్త్రీలలో ఎక్కువ. నిపుణులేమో నగరాలలో ఉన్నారు. జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక విభాగాలుండాలని 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం సంకల్పించినది. ఆ విభాగం ఒక గది, ఒక బల్లగా మిగిలిపోకూడదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు నాలుగు గుర్తులు నేర్పితే చాలు, వ్యాధి తొలిదశలోనే తెలుస్తుంది.

కన్నవారిని పగటిపూట సంరక్షణ కేంద్రంలో వదిలితే లోకం ఏమంటుందోనన్న జంకు మరొకటి. పసిపిల్లను అంగన్‌వాడీకి పంపినందుకు ఏ తల్లినీ ఎవరూ తప్పుపట్టరు. వారానికి రెండు పూటలు ముసలాయనను నమ్మకంగా కూర్చోబెట్టగల చోటు మండలానికొకటి ఉంటే, ఆ రెండు పూటలలో ఆ కోడలు ఎన్నాళ్ళుగానో వాయిదా వేసిన తన రక్తపోటు పరీక్ష చేయించుకొనగలదు. లేదా తలుపు దగ్గరగా వేసుకొని కాసేపు నిద్రపోగలదు.