నిరీక్షణ కూడా సాధనే

ఆటలో గెలుపును మనం సాధారణంగా గోల్స్‌తో, పతకాలతో కొలుస్తాం. గోల్ చేసినవారి పేరు మరునాటి పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. ఆపినవారి పేరు చాలామందికి గుర్తుండదు. హాకీలో గోల్ కీపర్ పది బంతులను ఆపినా అవి గోల్స్ లెక్కలోకి రావు. పదకొండవది చేజారితే మాత్రం అది చెరగని అంకెగా నిలిచిపోతుంది. ఇక జట్టులోని రెండవ గోల్ కీపర్ శ్రమ మరింత అజ్ఞాతం. ఆ శ్రమ కూడా గౌరవించదగిన సాధనే. ఎతిమర్పు రజని జీవితమే ఇందుకు నిదర్శనం.

రజని 1990లో జన్మించారు. ఆమె స్వగ్రామం యనమలవారిపల్లి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఎర్రావారిపాలెం మండలానికి చెందినది. కలికిరి, పీలేరు ప్రాంతాల వారికి అది పొరుగు సీమే. అక్కడి నుండి ఆమె భారత జట్టుకు చేరారు. 2017లో జపాన్‌లో ఆసియా కప్ గెలిచిన జట్టులోను, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం పొందిన జట్టులోను, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం సాధించిన జట్టులోను ఆమె సభ్యురాలు.

అయితే ఆ సంవత్సరాలలో భారత జట్టు ప్రధాన గోల్ కీపర్ హర్యానాకు చెందిన సవితా పునియా. మిగిలిన క్రీడాకారిణులు ఆట మధ్యలో ఒకరి స్థానంలో ఒకరు దిగుతూ ఉంటారు. గోల్ ముందు నిలిచేది సాధారణంగా చివరిదాకా ఒక్కరే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో భారత మహిళలు నాలుగవ స్థానం పొందినప్పుడు రజని ప్రత్యామ్నాయ గోల్ కీపర్ మాత్రమే.

ఆడే అవకాశం నిశ్చయం కాని ఆటకు యౌవనాన్ని ధారపోయడం వ్యర్థం కాదా అని కొందరు అడగవచ్చు. కాదు. అన్న నిద్రిస్తుండగా లక్ష్మణుడు మేల్కొని కావలి కాశాడు. శత్రువు రాని రాత్రి కూడా ఆ కావలి వ్యర్థం కాలేదు. ప్రధాన గోల్ కీపర్ గాయపడిన క్షణంలో మరొకరిని కొత్తగా తయారు చేసుకొనే వ్యవధి ఉండదు. సిద్ధంగా ఉన్నవారే జట్టుకు రక్ష. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి ఫైవ్స్ హాకీ ప్రపంచ కప్‌లో భారత మహిళల జట్టుకు రజని నాయకత్వం వహించారు. జట్టు ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతం అందుకొంది. ఏళ్ల తరబడి సాగిన నిరీక్షణ ఆమెను నాయకత్వానికి సన్నద్ధం చేసిందే గాని కుంగదీయలేదు.

సమాజానికి కూడా ఇక్కడ ఒక బాధ్యత ఉంది. టోక్యో క్రీడల తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 25 లక్షల రూపాయల నగదు, ఇంటి స్థలం ప్రకటించింది. అది హర్షణీయం. కాని విజయం తరువాత చేసే సత్కారం, తొలి అడుగులో అందవలసిన చేయూతకు బదులు కాజాలదు. ఒక కర్ర ఉంటే తక్కినవారు సాధన మొదలుపెట్టవచ్చు. గోల్ కీపర్‌కు మాత్రం శిరస్త్రాణం, ఛాతీ కవచం, కాళ్లకు దళసరి ప్యాడ్లు ఉండాలి. పేదింటి బాలిక వీటిని కొనలేదు. ప్రతి కళాశాలా కనీసం ఒక జత సమకూర్చి, బాలికలకు మైదానంలో నియమిత సమయం కేటాయించాలి.

విద్యార్థులారా! ఈసారి మీ కళాశాల జట్టు గెలిచినప్పుడు గోల్ చేసినవారితో పాటు గోల్‌ను కాచినవారిని, అంచున కూర్చొని పిలుపు కోసం సిద్ధంగా ఉన్నవారిని కూడా పేరు పెట్టి అభినందించండి. ఆ గెలుపులో వారికీ భాగముంది.