ఉద్యోగుల శిక్షణలో మన ఊసేది?

కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ‘మిషన్ కర్మయోగి’ని ఆమోదించినప్పుడు, అది ఢిల్లీ అధికారులకు సంబంధించిన వ్యవహారమని మన వాళ్లు పట్టించుకోలేదు. ఈనాడు మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు కూడా ‘ఐగాట్ కర్మయోగి’ అనే ఆ శిక్షణ వేదికలో పేర్లు నమోదు చేసుకుంటున్నారు. పెద్దకడుబూరు వంటి మారుమూల మండలంలో సచివాలయం మెట్లెక్కే ముస్లిం కుటుంబానికి దీనితో పని ఉంది. ఎట్లాగో వివరిస్తాము.

ఈ పథకానికి తొలి అయిదేళ్లకు కేటాయించిన సొమ్ము 510.86 కోట్ల రూపాయలు. లక్ష్యం సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులు. వేదికను నడపడానికి 2022లో ‘కర్మయోగి భారత్’ అనే లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థను నెలకొల్పారు. ఉద్యోగి తన ఫోనులోనే పాఠం చూస్తాడు, ప్రశ్నలకు జవాబిస్తాడు, ధ్రువపత్రం పొందుతాడు. ఎవరు ఏ పాఠం ముగించారో పై అధికారికి తెరమీద కనబడుతుంది. నియమాలను బట్టి కాక, ఉద్యోగి నిర్వహించే పాత్రను బట్టి శిక్షణ ఉండాలన్నది దీని మూల సూత్రం.

మేము కొలువులో ఉన్న కాలంలో శిక్షణ అంటే జిల్లా కేంద్రానికి పోయి, రిజిస్టరులో సంతకం పెట్టి, భోజనం చేసి, సాయంత్రం బస్సు పట్టుకోవడమే. అకౌంట్స్ టెస్టు పాసవకపోతే ఇంక్రిమెంటు ఆగిపోతుందన్న భయమే అసలు గురువు. ఆ పద్ధతితో పోలిస్తే ఈ సాఫ్ట్‌వేరు మేలే. అయితే అది లెక్కించేది పాఠం పూర్తయిందా లేదా అన్నది. బల్ల అవతల నిలబడిన మనిషి పని సక్రమంగా జరిగిందా అన్నది ఆ లెక్కలోకి రాదు.

కుల ధ్రువపత్రం సంగతే చూడండి. 2007 చట్టం ప్రకారం షేక్, ఖురేషీ, ఫకీరు, అత్తరు సాయిబులు మొదలైన 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా అది కొనసాగుతున్నది. సయ్యద్, మొఘల్, పఠాన్ వర్గాలు అందులో లేవు. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్ వర్గాలు బీసీ-ఇ కాదు, బీసీ-బి. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో దూదేకులవారి పేర్లు హుసేనప్ప, మస్తానమ్మ అని ఉంటాయి. హుసేన్ అన్న మాట చూసి బీసీ-ఇ అని రాసే ఉద్యోగి ఉంటాడు, ‘అప్ప’ చూసి ఇతడు ముస్లిమేనా అని సందేహించే ఉద్యోగీ ఉంటాడు. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం ఉండనక్కరలేదు. చెప్పేవారు లేక తెలియలేదు, అంతే. కానీ కౌన్సెలింగు తేదీ దాటిపోతే, ఆ పిల్లవాడి సీటు పోయిందంటే పోయినట్లే. ఉద్యోగి ఖాతాలో మాత్రం అతడు చూసిన పాఠాలన్నిటికీ కర్మ పాయింట్లు భద్రంగా ఉంటాయి!

ఈ లోపాన్ని సరిదిద్దే మార్గం కొత్తగా వెదకవలసిన అవసరం లేదు. 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక తరువాత, ప్రభుత్వాధికారులకు మైనారిటీల స్థితిగతులపై అవగాహన కలిగించాలని కేంద్రం నిర్ణయించింది. ముస్సోరీలోని లాల్ బహదూర్ శాస్త్రి జాతీయ పరిపాలన అకాడమీ అందుకు పాఠాలు తయారు చేయగా, వాటిని రాష్ట్ర శిక్షణ సంస్థలకు పంపారు. ఆ పాఠాలను గుమాస్తాల దాకా, సచివాలయాల దాకా దింపడానికి అప్పట్లో సాధనం లేదు. నేడు ఉంది. బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ వాటిని తెలుగులో తిరగరాయించి, బీసీ-ఇ, బీసీ-బి నిబంధనలు చేర్చి, ఇదే వేదికలో ఎందుకు పెట్టకూడదు?

ఉర్దూ మాటకు వద్దాము. 2022లో చట్ట సవరణ ద్వారా ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్ అని ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, బియ్యం కార్డులో ఇంకొకలా, పదో తరగతి మార్కుల జాబితాలో వేరొకలా ఉంటే పింఛను నుంచి పాసుపుస్తకం దాకా అన్నీ ఆగుతాయి. పేర్లు ఎలా పలకాలి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎలా రాయాలి అన్న రెండు గంటల పాఠాన్ని ఆ విశ్వవిద్యాలయం చేత చేయిస్తే ఖర్చు ఎంత? 2024 అక్టోబరులో జరిగిన జాతీయ అభ్యసన వారంలో ఒక్కొక్క ఉద్యోగికి కనీసం 4 గంటల అభ్యసనం లక్ష్యంగా పెట్టారు. అందులో సగం కాలం చాలు.

మన సంఘాలు అడగవలసినది మరొకటి ఉంది. తిప్పి పంపిన దరఖాస్తులు సచివాలయంవారీగా ఎన్ని, ఏ కారణంతో అన్న లెక్కను శిక్షణ లెక్కతో జోడించాలి. పేరు తప్పుల ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన చోట ఆ పాఠం ముందుగా చెప్పించాలి. సాఫ్ట్‌వేరుకు ఇది కష్టమైన పని కాదు.

మెమొరాండాలు ఇచ్చి ఫొటోలు దిగడం మనకు అలవాటైంది. దాని బదులు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాము: మా మండలంలో ధ్రువపత్రాలు పరిశీలించే ఉద్యోగులు గత ఏడాది ఏ పాఠాలు పూర్తి చేశారు? వాటిలో బీసీ-ఇ, బీసీ-బి నిబంధనలపై పాఠం ఉన్నదా? ఎన్ని దరఖాస్తులు తిరస్కరించారు? గ్రామ స్థాయిలో దీనికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. పెద్దకడుబూరులో పెట్టే దరఖాస్తే కోసిగిలోనూ, కౌతాళంలోనూ పెడితే మూడు మండలాల జవాబులు పక్కపక్కన పెట్టుకొని కలెక్టరు గారి దగ్గరకు వెళ్లవచ్చు.