ఫోన్ ఎత్తే ఫ్రెండ్

‘నేను ఫలానా హీరోకి స్టాన్‌ని’ అని ఇన్‌స్టాలో పెడుతుంటారు కదా, ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? 2000లో వచ్చిన ఎమినెమ్ పాట పేరది. అభిమానం ముదిరి పిచ్చిగా మారిన ఓ కుర్రాడు తన గాయకుడికి రాసే ఉత్తరాల కథ. ఇప్పుడా మాట ఇంగ్లిష్ డిక్షనరీల్లోకీ ఎక్కేసింది. ఆ పాట పుణ్యమా అని ఎవరూ ఊహించని స్నేహం కూడా ఒకటి పుట్టింది.

2001 ఫిబ్రవరి 21, లాస్ ఏంజెలెస్. గ్రామీ అవార్డుల రాత్రి. హాలు బయట నిరసనలు. గే వాళ్లను తన పాటల్లో బూతులు తిట్టే ఎమినెమ్‌కి స్టేజీ ఎలా ఇస్తారని గొడవ. లోపల ఎమినెమ్ ‘స్టాన్’ అందుకున్నాడు. అతనితో కలిసి పాడుతూ పియానో వాయిస్తున్నది ఎవరనుకున్నారు? ఎల్టన్ జాన్! తను గే అని ఏనాడో లోకానికి చెప్పేసిన సూపర్‌స్టార్. ఒకరికి 28 ఏళ్లు, ఇంకొకరికి 53. పాట అయిపోగానే ఇద్దరూ వాటేసుకున్నారు. చేతులు కలిపి పైకెత్తారు.

‘మనల్ని తిట్టేవాడితో నీకు పాటేంటి?’ అని ఎల్టన్‌ని చాలామంది నిలదీశారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఆ మాటలు గుచ్చుకున్నది వాళ్లకే కదా. ఎల్టన్ మాత్రం, మనుషుల మధ్య గోడలు కట్టడం కంటే కూల్చడమే తనకిష్టం అన్నాడు. ఇదంతా పబ్లిసిటీ కోసమే అనుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు కథ కెమెరాలు వెళ్లిపోయాక నడిచింది.

నిద్రమాత్రలు, పెయిన్‌కిల్లర్లు ఎమినెమ్‌ని పీల్చి పిప్పి చేశాయి. 2007 డిసెంబర్‌లో ఓవర్‌డోస్ అయి ఆస్పత్రి పాలయ్యాడు. చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు. మానేయాలని గట్టిగా అనుకున్నప్పుడు ఎవరికి ఫోన్ చేశాడో తెలుసా? ఎల్టన్‌కి. ఎందుకంటే ఎల్టన్ కూడా ఆ గోతిలో పడి లేచినవాడే. ఏళ్ల తరబడి కొకైన్, మందు. 1990లో ‘నాకు సాయం కావాలి’ అని నోరు తెరిచి అడిగి బయటపడ్డాడు. పేరు, డబ్బు, పరుగుల మధ్య ఆ అలవాటు ఎలా లాగుతుందో తెలిసినవాడు కాబట్టే అతనికి చెప్పుకున్నానని ఎమినెమ్ తర్వాత చెప్పాడు. అప్పట్నుంచి ఎల్టన్ దాదాపు వారం వారం ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావ్?’ అని కనుక్కునేవాడు. 2008 ఏప్రిల్ నుంచి ఎమినెమ్ వాటి జోలికి పోలేదు. 2010లో అతను తెచ్చిన ఆల్బమ్ పేరు ‘రికవరీ’.

అలాగని ఎమినెమ్ రాత్రికి రాత్రి బుద్ధుడైపోలేదు. గే పెళ్లిళ్లకు తన అభ్యంతరం లేదన్నాడు కానీ, తర్వాతి పాటల్లోనూ అలాంటి మాటలు దొర్లాయి. మళ్లీ తిట్లు పడ్డాయి. ఆ హగ్ అన్నిటినీ కడిగేయలేదు. ఒక మనిషిని మాత్రం బతికించడానికి సాయపడింది.

ఎల్టన్‌కి ఇది కొత్తేం కాదు. 1974లో బీటిల్స్ జాన్ లెనన్ భార్య యోకోకి దూరంగా ఉంటున్నాడు. అప్పటికి మిగతా ముగ్గురు బీటిల్స్‌కీ అమెరికాలో సోలోగా నంబర్ వన్ పాటలున్నాయి, లెనన్‌కి తప్ప. అతని కొత్త పాటలో ఎల్టన్ గొంతు కలిపి, పియానో వాయించి, ‘ఇది నంబర్ వన్ అవుతుంది, అయితే నా షోలో పాడాలి’ అని పందెం కాశాడు. ఎక్కడవుతుందిలే అని లెనన్ సరేనన్నాడు. అయ్యి కూర్చుంది! నవంబర్ 28న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, భయంతో తెర వెనక వాంతి చేసుకుని మరీ స్టేజీ ఎక్కాడు లెనన్. మూడు పాటలు పాడాడు. పెద్ద కచేరీలో అతను జనానికి కనిపించడం అదే ఆఖరు. ఆ రాత్రి యోకో కూడా అక్కడే ఉంది. కొన్నాళ్లకి ఇద్దరూ మళ్లీ ఒక్కటయ్యారు. 1975లో కొడుకు షాన్ పుట్టాడు. గాడ్‌ఫాదర్ ఎవరు? ఇంకెవరు, ఎల్టనే.

1980 డిసెంబర్‌లో లెనన్‌ని కాల్చి చంపారు. ఆ స్నేహం అక్కడితో ఆగిపోయింది. ఎమినెమ్ విషయంలో మాత్రం ఫోన్ టైమ్‌కి మోగింది.

మన కాంటాక్ట్స్‌లో వందల పేర్లుంటాయి. ఒక్కసారి స్క్రోల్ చేసి చూడండి. గొంతు పెగలని రోజున మనం నొక్కే పేరు ఏది? అంతకంటే ముఖ్యంగా, అలాంటి రోజున మన పేరు నొక్కేది ఎవరు? ఈ వారం వాళ్లకి మీరే ముందు ఫోన్ చేయండి. ‘ఎలా ఉన్నావ్’ అంటే చాలు.