జాబ్స్ పేరు చెప్పి తిట్టొద్దు

2011 అక్టోబర్ 5న స్టీవ్ జాబ్స్ చనిపోతే యాపిల్ స్టోర్ల ముందు పూలగుత్తులు పేరుకుపోయాయి. వారం తిరిగేసరికి డెన్నిస్ రిచీ పోయారు. ఆ వార్త మీలో ఎంతమంది చూశారు? ఫస్టియర్ ల్యాబ్‌లో మనం కుస్తీ పట్టిన సి లాంగ్వేజ్ ఆయనదే. కెన్ థాంప్సన్‌తో కలిసి ఆయన తయారుచేసిన యూనిక్స్ వంశమే ఇప్పటికీ ఐఫోన్ లోపల నడుస్తోంది.

అందుకే ‘జాబ్స్ కొత్తగా కనిపెట్టిందేముంది, అంతా మార్కెటింగే’ అంటుంటారు. కాలేజీలో నేనూ అలాగే వాదించేవాణ్ని. ఇప్పుడు ఒప్పుకోను. టచ్‌స్క్రీన్ ఫోన్లు 2007కి ముందూ ఉన్నాయి. స్టైలస్ ఎందుకు, వేలు చాలదా అని పట్టుబట్టింది మాత్రం ఆయనే. 1997లో యాపిల్‌కి తిరిగొచ్చాక చేసిన పెద్ద పని కూడా కొత్తవి పెట్టడం కాదు, ఉన్న ఉత్పత్తుల్లో చాలావాటిని ఆపేయడం. ఏది అక్కర్లేదో తేల్చడం కూడా ఇంజినీరింగే కదా!

అయితే ఇదే జాబ్స్ కన్నకూతురు లీసాని ఏళ్ల తరబడి తన బిడ్డ కాదన్నారు. ఉద్యోగుల్ని నలుగురిలో కడిగేసేవారు. ‘మేధావులంతే’ అని మనం సర్దిచెప్పేసుకుంటాం. నా మొదటి ఉద్యోగంలో టీమ్ లీడ్ ఒకాయన మీటింగుల్లో మమ్మల్ని చెడామడా తిట్టి, చివర్లో జాబ్స్ పేరు చెప్పేవాడు. తిట్లయితే వచ్చాయిగానీ, మా టీమ్ నుంచి ఐఫోన్ ఏమీ రాలేదు.

వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్ర ఇప్పటికే చదివేశారా? లీసా 2018లో రాసిన ‘స్మాల్ ఫ్రై’ కూడా తెరవండి.