ఎకరాల లెక్కకు అందని నష్టం

నీళ్లు చెడితే ముందు చేపలు చస్తాయి, తర్వాత పైరు ఎండుతుంది. ఈ రెండూ కంటికి కనిపిస్తాయి. మనిషి కణంలో జరిగేది కనిపించదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. కోర్టు ఆదేశాలతో రైతులకు ఎకరాల లెక్కన పరిహారం ఇచ్చారు. మరి ఎకరం లేని కూలీ ఒంట్లో చేరిన విషానికి లెక్క ఎవరు కట్టారు?

నక్కవాగు పరీవాహకంలో పరిశోధకులు ఆర్సెనిక్‌ను గుర్తించారు. మన డీఎన్‌ఏకు రోజూ చిన్నచిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. కణం వాటిని బాగుచేసుకుంటుంది. ఆర్సెనిక్ ఆ మరమ్మతునే అడ్డుకుంటుంది. మిగిలిపోయిన తప్పు కొత్త కణాలకు దిగి, ఏళ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు. 2007లో వెలువడిన ఒక అధ్యయనం పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేల్చింది. అలాంటి నీటిలో మందుకు లొంగని బ్యాక్టీరియా బతికి, ఆ జన్యువులను ఒకదానికొకటి అందించుకుంటుంది. రేపు మందు పనిచేయకపోతే ముందు నష్టపోయేది ఖరీదైన వైద్యం కొనలేని మనవాళ్లే.

అందుకే మేము అడుగుతున్నాం. వాగు పక్క ఊళ్లలో వైద్య శిబిరం అంటే బీపీ చూసి మాత్రలివ్వడమేనా? బుగ్గ లోపలి కణాలు గీకి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, విరిగిన క్రోమోజోముల ముక్కలు చిన్న కేంద్రకాలుగా కనిపిస్తాయి. ఒక మనిషికి జబ్బు ఉందని ఈ పరీక్ష చెప్పదు. ఊరికి దెబ్బ తగిలిందా అన్నది చెబుతుంది. భూమి ఉన్నవారికీ లేనివారికీ ఇది సమానంగా జరగాలి.

సైన్సు చదివిన అన్నలారా, తమ్ముళ్లారా! ల్యాబులో నేర్చింది వాడలకు తీసుకెళ్దాం. ముందు మన హాస్టల్ బోరు నీళ్లకే పరీక్ష చేయిద్దాం.