కొలువు – కొలుపు

తెలుగున కొలువనగా ఉద్యోగము. కొలుచుట యనగా సేవించుట, పూజించుట, కొలతవేయుటయు నదియే. ఈ యర్థముల నడుమ గీత చెరిగినచోట ఉద్యోగి చిక్కున బడును. కార్యాలయమున పనిని కొలువవలెను గాని మనిషిని కొలువరాదు. ఇది తారుమారైనప్పుడు యజమాని వేల్పగును. ఆయన సంకల్పము శాస్త్రమగును. సందేహించినవాడు ద్రోహి యగును. కొలువు కొలుపుగా మారుట యిదియే.

ఈ మార్పునకు గుర్తులు కలవు. అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, చైనాలో బలవంతపు భావపరివర్తనకు లోనైనవారిని ప్రశ్నించి, 1961లో ఒక గ్రంథము ప్రకటించెను. మనుష్యుల ఆలోచనను బంధించు సంఘములకు ఎనిమిది లక్షణములను అందు పేర్కొనెను. వానిలో నాలుగు కార్యాలయములకు చక్కగా అన్వయించును. బయటివారితో సంపర్కము తగ్గించుట మొదటిది. తప్పులను పదుగురి యెదుట ఒప్పుకొనజేయుట రెండవది. మూలసిద్ధాంతమును ప్రశ్నింపరానిదిగా చేయుట మూడవది. మాటలకు క్రొత్త యర్థములు కల్పించుట నాల్గవది. ‘మనమంతా ఒక కుటుంబము’ అన్న మాట వినుటకు ఇంపుగానే యుండును. కాని కుటుంబమున ఎవ్వరును జీతము కోయరు, నోటీసిచ్చి వెడలగొట్టరు. జీతము పెంచుమని యడిగినవానికి ఆ మాటయే జవాబుగా వచ్చినచో, అది అనురాగము కాదు, నోటికి మూత.

ఇందుకు థెరానోస్ కథ తగిన నిదర్శనము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదువు మాని, పందొమ్మిదేండ్ల వయసున ఎలిజబెత్ హోమ్స్ 2003లో కాలిఫోర్నియాలో ఈ సంస్థను స్థాపించెను. వ్రేలికొన నుండి తీసిన కొన్ని నెత్తుటి బొట్లతో పెక్కు పరీక్షలు చేయగల యంత్రము తమకు కలదని చాటెను. 2014 నాటికి సంస్థ విలువను సుమారు 900 కోట్ల డాలర్లుగా లెక్కించిరి. యంత్రము మాత్రము చెప్పినట్లు పనిచేయలేదు. ఒక విభాగమువారి పని వేరొక విభాగమునకు తెలియనీయలేదు; లోపము చూపినవారిని నిరాశావాదు లనిరి. అప్పుడే పట్టము పుచ్చుకొని చేరిన టైలర్ షుల్ట్జ్, ఎరికా చంగ్ అను యువజనులు కొలతలు సరిపోవుటలేదని గుర్తించి, 2014లో కొలువు విడిచిరి. టైలర్ తాతగారు జార్జ్ షుల్ట్జ్ అమెరికా మాజీ విదేశాంగ మంత్రి, ఆ సంస్థ పాలకమండలి సభ్యుడు. ఆయనయే తొలుత మనుమని మాట నమ్మలేదు. 2015లో ఎరికా ప్రభుత్వ తనిఖీశాఖకు వ్రాసెను. ఆ యేడే నిజము పత్రికకెక్కెను. 2016లో సంస్థ రెండేండ్ల ఫలితములను రద్దుచేసికొనవలసివచ్చెను, 2018లో మూతబడెను. పెట్టుబడిదారులను వంచించిన నేరమునకు 2022లో హోమ్స్‌కు పదకొండేండ్లకు పైగా కారాగారశిక్ష పడెను. తప్పుడు ఫలితము చేతబట్టుకొని వైద్యుని వద్దకు పరుగెత్తిన రోగుల వేదనకు మాత్రము లెక్క లేదు.

సంస్థాపకునిపై గౌరవము, పనిపై ఉత్సాహము, అవసరమైనప్పుడు రేయింబవళ్లు శ్రమించుట - ఇవి కొలుపు లక్షణములు కావు. అట్టి యుత్సాహము లేక ఏ పాఠశాలయు, ఏ కర్మాగారమును నిలువజాలదు. భేదము తెలియుటకు ఒక్క పరీక్ష చాలును: ప్రశ్నించినవాని గతి యేమి? లెక్క తప్పినదని గుమాస్తా చెప్పగా లెక్కపుస్తకము తెరచి చూచు చోటు కార్యాలయము. లెక్కను విడిచి గుమాస్తా భక్తిని తరచి చూచు చోటు కొలుపు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను పెద్ద ఎక్కడనైనను ఉండును. ఆ మూడింటిని లెక్కించి పదిమంది తలయూపినప్పుడే ప్రమాదము.

తలయూపుట మూర్ఖులకే పరిమితము కాదు. సోలమన్ ఆష్ 1951లో ప్రకటించిన ప్రయోగమున కళాశాల విద్యార్థులకు గీతల పొడవులు పోల్చు సులభమైన పని యిచ్చెను. ముందుగా కుదుర్చుకొన్నవారందరును ఒకే తప్పు చెప్పగా, పరీక్షకు వచ్చినవారి సమాధానములలో సుమారు మూడవవంతు ఆ తప్పువైపే మొగ్గెను. ఒక్కడు తోడుగా నిజము పలికినచో ఆ మొగ్గు మిక్కిలి తగ్గెను. కావున సంశయము గలిగిన ఉద్యోగి మొదట వెదకవలసినది ఒక్క తోడును. చూచినదానిని తేదీలతో వ్రాసియుంచుకొనుట, బయటి మిత్రులను వదలుకొనకుండుట, కుటుంబభారము గలవాడు వేరొక దారి చూచుకొని కదలుట - ఇది పిరికితనము కాదు, వివేకము.

ఈ వివేకమునకు విత్తనము పడునది తరగతిగదిలోనే. గురుభక్తి ఈ దేశపు సంప్రదాయమే. ప్రశ్నయు ఈ దేశపు సంప్రదాయమే. ప్రశ్నోపనిషత్తున ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయించిరి. ఒక యేడు నియమమున నుండి, పిమ్మట ఇష్టమైన ప్రశ్నలడుగుడనియు, తెలిసినచో చెప్పెదననియు ఆయన పలికెను. ‘తెలిసినచో’ అన్న ఆ చిన్నమాటలో గురువు గొప్పతన మంతయు కలదు. నల్లబల్లపై తాను వేసిన లెక్కలో తప్పు చూపిన విద్యార్థిని కసరక, తప్పు దిద్దుకొని మెచ్చుకొను ఉపాధ్యాయుడు ఆ మహర్షి బాటవాడు. ఆయన శిష్యుడు రేపు ఏ కొలువున చేరినను, కొలతను విడిచి కొలుపునకు పోడు.