చైనాదీ కాదు, గడ్డీ కాదు



మీలో చార్మినారు చూడ వచ్చినవారు గాజుల దుకాణాల దగ్గర ఆగిపోయి వుంటారు. అవి అందంగానే వుంటాయి. కాని నన్నడిగితే పాతబస్తీలో తీరికగా చూడవలసినవి కిరాణా దుకాణాలు. మీరాలం మండీ వైపు సందులలో నాకు తెలిసిన దుకాణం ఒకటి వున్నది. నలుగురు నిలబడితే అయిదవ మనిషికి చోటుండదు. అయినా ధనియాలు, రాతిపువ్వు, మరాఠీ మొగ్గ, వట్టివేళ్ళు, సబ్జా గింజలు, తుమ్మబంక, ఎండు గులాబీ రేకులు, అన్నీ దానిలోనే! కళ్ళు మూసుకొని వాసన చూస్తే ఏ సంచి ముందు నిలబడ్డామో చెప్పవచ్చు.

పోయిన రంజాన్ నెలలో ఒకనాటి మధ్యాహ్నం నేను ఆ దుకాణానికి వెళ్ళి, “జపాను దేశపు సరుకు కావాలి” అన్నాను.

దుకాణదారు నవ్వాడు. “మాస్టర్ సాబ్, జపాను సామాను మా దగ్గర ఎక్కడిది? అటు పెద్ద పెద్ద మాళ్ళలో దొరుకుతుందేమో!” అన్నాడు.

“నీ వెనకనే వేలాడుతున్నదయ్యా” అని చూపించాను.

అతడు వెనక్కు తిరిగి పాకెట్టు ఒకటి తీశాడు. లోపల తెల్లగా, తేలికగా, ఎండిన పీచులాంటి పోగులు వున్నవి. “ఇదా? ఇది చైనా గ్రాస్ గదా!” అన్నాడు.

రంజాన్ నెలలో పాతబస్తీలో దీనికి మంచి గిరాకీ. నానబెట్టి, నీళ్ళలో కరిగించి, పంచదార కలిపిన పాలలో పోసి పళ్ళెంలో ఆరనిస్తారు. గట్టిపడ్డాక పలకలుగా కోసి పైన పిస్తా తురుము చల్లుతారు. నోట్లో వేసుకుంటే చల్లగా జారిపోతుంది.

నేను దీనికోసం ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెబుతాను. లాల్ దర్వాజాలో మా ఎదురింట్లో ఆరవ తరగతి చదివే అమ్మాయి వున్నది. బడిలో ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు అంతకు ముందు సంవత్సరం ఇఫ్తారుకు పిలిచింది. మా అమ్మాయి వెళ్ళింది గాని చైనా గ్రాస్ ముట్టుకోలేదు. “మా నాయనమ్మ వద్దన్నది” అని చెప్పి వచ్చేసింది. తరువాత చాలా రోజులు స్నేహితురాలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఈసారి మళ్ళీ పిలుపు వచ్చింది.

“సారూ, జెల్లీ అంటే బొక్కలు ఉడికించి తీసేదేనట. పేపర్ల చదివిన” అన్నది నాయనమ్మ.

“అది గడ్డి బేటా! మాంసం ఎక్కడిది?” అన్నదట స్నేహితురాలి తల్లి.

“తాతా, ఎవరి మాట నిజం?” అని అడిగింది పిల్ల.

నేను పంచాయతీ చెప్పలేదు. వస్తువునే అడుగుదామన్నాను. అందుకే ఆ పాకెట్టు కొన్నాను. బేకరీ సరుకులు అమ్మే మరొక కొట్టులో కొంచెం జెలటిన్ పొడి కూడా కొన్నాను. నాయనమ్మ చదివింది తప్పేమీ కాదు సుమా! జెలటిన్‌ను పశువుల ఎముకలనుంచీ, తోళ్ళనుంచీ తీస్తారు. దానితోనూ జెల్లీ చేస్తారు. చూపుకు రెండూ ఒకటిగానే వుంటాయి.

మా వసారాలో పరీక్ష మొదలుపెట్టాము. నాయనమ్మ గడప దాటి రాలేదు, కాని చూపు మాత్రం మా గిన్నెల మీదనే వున్నది. 5 గ్రాముల చైనా గ్రాసును పావుగంట నానబెట్టి, అర లీటరు నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా మరిగించాము. జెలటిన్‌ను విడిగా, పారవేసే కప్పులో, వేడినీళ్ళతో కలిపాము. చైనా గ్రాస్ గది వేడిలోనే గడ్డకట్టింది. జెలటిన్‌ను గడ్డకట్టించడానికి ఫ్రిజ్‌లో పెట్టవలసి వచ్చింది. (మా యింటి ఫ్రిజ్‌లోనే! మా ఆవిడ ఏమన్నదో యిక్కడ రాయను.)

తరువాత రెండు కప్పులలో 50 డిగ్రీల వేడినీళ్ళు పోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ముక్క వేశాము. జెలటిన్ ముక్క చూస్తూండగానే కరిగిపోయింది. చైనా గ్రాస్ ముక్క అంచులు కూడా చెదరలేదు.

ఎందుకంటే, జెలటిన్ జెల్లీ మన ఒంటి వేడికంటె తక్కువలోనే, అనగా సుమారు 35 డిగ్రీలకే, కరుగుతుంది. చైనా గ్రాస్ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. ఒకసారి కరిగినది మళ్ళీ 40 డిగ్రీలకు దిగితే గాని గడ్డకట్టదు. మీరు కూడా యిది చేసి చూడవచ్చు. మరిగించే పని మాత్రం పెద్దవాళ్ళ చేత చేయించండి. అది చేతిమీద పడితే అంటుకొని బాగా కాలుస్తుంది.

అయితే యీ పీచు దేనినుంచి వచ్చింది? సముద్రంలో పెరిగే ఎర్రనాచునుంచి. జపాను వారు యీ నాచును ఉడికించి, వడగట్టి, ఆ రసాన్ని గడ్డకట్టించి తినేవారు. దాని పేరు తోకొరోతెన్. 17వ శతాబ్దం నడిమి కాలంలో క్యోటో దగ్గర ఫుషిమి అనే ఊళ్ళో మినో తరోజేమోన్ అనే పూటకూళ్ళ యజమాని వుండేవాడట. ఒక చలికాలపు రాత్రి ఒక ప్రభువు విందు ముగించి వెళ్ళాక, మిగిలిన తోకొరోతెన్‌ను అతడు ఆరుబయట పారవేశాడట. రాత్రి మంచుకు అది గడ్డకట్టింది. పగటి ఎండకు మంచు కరిగి నీరు కారిపోయింది. కొన్నాళ్ళకు తెల్లని పొడి పీచు మిగిలింది. దానిని మరిగించి చూస్తే మళ్ళీ జెల్లీ అయింది, వెనకటి నాచు వాసన కూడా లేదు! ఇది జపాను వారు చెప్పుకునే కథ. కథ మాట ఎట్లా వున్నా పద్ధతి మాత్రం నిజం. నాగానో ప్రాంతంలోని ఛినో ఊళ్ళో యీనాటికీ చలికాలంలో పొలాలలో జెల్లీ పలకలను పరచి, రాత్రి చలికీ పగటి ఎండకూ వదిలేస్తారు. జపాను భాషలో దీని పేరు కాంతెన్. అంటే “చలి ఆకాశం”. మలయా వారు అగర్ అగర్ అంటారు. మన దేశంలోనూ రామనాథపురం తీరాన ఆడవాళ్ళు సముద్రంలో దిగి యిటువంటి నాచు ఏరుకొస్తారు. దానినుంచి అగర్ తీస్తారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు పరీక్ష కాగితంలో “చైనా గ్రాస్ సముద్రపు నాచు” అని రాశాడు. పేరులోనే గడ్డి అని వుండగా నాచు ఎట్లా అవుతుందని ఎర్రసిరాతో కొట్టివేశాను. చూశారా, పేరును నమ్మాను. వస్తువును చూడలేదు. పిల్లవాడు ఏమీ అనలేదు. నాకు నిజం తెలిసేనాటికి అతడు మా బడిలో లేడు.

నాకంటె తెలివైన ఆవిడ ఒకరున్నారు. పేరు ఫానీ హెస్. ఆమె భర్త వాల్టర్ హెస్ 1881లో బెర్లినులో, రాబర్ట్ కాక్ పరిశోధనశాలలో పనిచేసేవాడు. సూక్ష్మజీవులను పెంచడానికి అక్కడ జెలటిన్ వాడేవారు. మన ఒంట్లో రోగాలు తెచ్చే క్రిములు 37 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతాయి. ఆ వేడికి జెలటిన్ నీరైపోయేది. కొన్ని క్రిములు దానిని తినివేసేవి కూడా. ఎండకాలంలో కూడా నీ వంటింటి జెల్లీ కరగదేమని భర్త అడిగితే, ఆమె అగర్ సంగతి చెప్పింది. జావాలో వుండి వచ్చిన డచ్చి వారి వల్ల ఆమె దానిని నేర్చుకున్నది. కాక్ 1882లో క్షయ క్రిమిని గురించి ప్రకటించిన వ్యాసంలో అగర్ ప్రస్తావన వున్నది. ఫానీ పేరు మాత్రం లేదు! ఈనాడు ప్రపంచంలో ఏ పరిశోధనశాలకు వెళ్ళినా గాజుపళ్ళేలలో అగర్ కనిపిస్తుంది. మన హైదరాబాదు పరిశోధనశాలలలో కూడా.

ఇక మా వసారాకు వద్దాము. నాయనమ్మ గడప దాటి వచ్చింది. కరగని ముక్కను చెంచాతో నొక్కి చూసింది. “ఆ పిల్ల వాళ్ళ యింట్ల కూడ యిదే దుకాణందా?” అని అడిగింది. అదే దుకాణంది, అదే రకం పాకెట్టు. “సరే, అది తిను. ఇంకోటి ముట్టకు” అన్నది. రంగురంగుల జెల్లీ పాకెట్ల మాట వేరు. వాటిమీద ఆకుపచ్చ చుక్క గుర్తు వున్నదా, లేదా చూసుకొని కొనాలి.

ఆ సాయంత్రం పిల్ల ఇఫ్తారుకు వెళ్ళింది. స్నేహితురాలి తల్లి ఒక స్టీలు డబ్బా నిండా చైనా గ్రాస్ పలకలు పెట్టి పంపింది. మరునాడు ఆ డబ్బాను ఖాళీగా ఎట్లా యిస్తామని నాయనమ్మ అందులో నువ్వుల లడ్డూలు పెట్టింది.

ఆ దుకాణంలో జపాను సరుకు మరొకటి కూడా వున్నది. తెల్లని పలుకులు, పేరు అజినోమోటో. మూసీకి పెద్ద వరద వచ్చిన 1908లోనే కికునాయ్ ఇకెదా అనే ఆచార్యుడు టోకియోలో యింకొక రకం సముద్రపు నాచునుంచి దానిని కనుగొన్నాడు. అది విషమని మీ యింట్లో ఎవరైనా అంటారేమో అడిగి వుంచండి. వచ్చే నెల దానిని పరీక్షకు పెడదాము.